జీరో చూసుకోండి సార్!

2020 ఏప్రిల్ 20, సోమవారం. రాత్రి పన్నెండు కావస్తోంది. లాక్‌డౌన్ మొదలై నాలుగు వారాలు. హైదరాబాద్ రోడ్ల మీద పోలీసు జీపులు, అంబులెన్సులు, తెల్లారుజామున కూరగాయల బండ్లు తప్ప చక్రం కదలడం లేదు. విజయవాడ హైవే మీది బంకుల్లో లైట్లు వెలుగుతున్నాయి గానీ నాజిళ్లు కొక్కేలకే వేలాడుతున్నాయి. అత్యవసర సేవ కనుక మూయడానికి లేదు. తెరిచి కూర్చుంటే బేరం లేదు.

మనకు అర్ధరాత్రి పన్నెండయితే న్యూయార్క్‌లో మధ్యాహ్నం రెండున్నర. అమెరికా ముడిచమురు మే నెల కాంట్రాక్టుకు నైమెక్స్ ఎక్స్ఛేంజీలో ఆ రోజు ధర ఖరారయ్యే వేళ. పొద్దున పీపా పద్దెనిమిది డాలర్లకు కాస్త అటూ ఇటూగా ఉన్న బేరం మధ్యాహ్నానికి పది, ఆపైన అయిదు, ఒకటి. రెండు దాటిన కాసేపటికి సున్నా. సున్నా కింద కూడా బేరం సాగడానికి వీలుగా కంప్యూటర్లను ఎక్స్ఛేంజీ వాళ్లు ముందే సిద్ధం చేసి ఉంచారు. అందుకని తెర ఆగిపోలేదు. మైనస్ పది. మైనస్ ఇరవై. ఒక దశలో మైనస్ నలభై. చివరకు ఖరారైన ధర మైనస్ 37 డాలర్ల 63 సెంట్లు. 1983లో ఈ కాంట్రాక్టు పుట్టాక సున్నాను చూడడమే అది మొదటిసారి.

మైనస్ ధర అంటే నూనె తీసుకుపోయేవాడికి అమ్మేవాడే ఎదురు డబ్బివ్వడం. ఇంతకూ అంత గతి ఎందుకు పట్టింది? ఓక్లహామా రాష్ట్రంలో కుషింగ్ అని ఒక చిన్న ఊరుంది. ఊరి చుట్టూ పెద్ద పెద్ద ఉక్కు ట్యాంకులు, నేల కింద నలువైపులకూ పైపులైన్లు. దాదాపు 7.6 కోట్ల పీపాలు పట్టే నిల్వ. ఈ కాంట్రాక్టు కొన్నవాడు గడువులోగా దాన్ని ఇంకొకరికి అమ్మేసుకోవాలి, లేదంటే కుషింగ్‌లో ఒక్కో కాంట్రాక్టుకు వెయ్యి పీపాల నూనె దింపుకోవాలి. గడువు మర్నాడే. కొన్నవాళ్లలో చాలామంది జన్మలో ముడిచమురు కంటితో చూడనివాళ్లు. కంప్యూటర్ మీద కొని కంప్యూటర్ మీదే అమ్మే జాతి. నూనె దింపుకోవడానికి వాళ్ల దగ్గర ట్యాంకు లేదు. కుషింగ్‌లో ఖాళీగా కనిపిస్తున్న ట్యాంకుల్ని కూడా ఎవరో ముందే అద్దెకు పట్టేశారు. విమానాలు నేల మీద, కార్లు ఇళ్ల ముందు. దానికి తోడు మార్చిలో సౌదీకీ రష్యాకీ చెడి, పోటీలు పడి నూనె తోడారు. ఏప్రిల్ 12న రాజీ కుదిరి రోజుకు 97 లక్షల పీపాలు తగ్గించుకుంటామని ఒప్పుకున్నారు గానీ, ఆ తగ్గింపు మొదలయ్యేది మే 1 నుంచి. ఆలోగా తోడిన నూనె పొయ్యడానికి చోటు లేదు.

ముంబయిలో ఇదే కథ ఇంకా ఘోరంగా నడిచింది. మన ఎంసీఎక్స్ ఎక్స్ఛేంజీలో ముడిచమురు బేరం మామూలుగా అర్ధరాత్రి దాకా ఉంటుంది. లాక్‌డౌన్ కారణంగా సాయంత్రం అయిదుకే కట్టేస్తున్నారు. ఆ సోమవారం అయిదు గంటలకు పీపా 965 రూపాయలు. ‘ఇంతకంటే ఏం పడుతుందిలే’ అనుకుని కొన్నవాళ్లున్నారు. టీవీ కట్టేసి పడుకున్నారు. కానీ మన కాంట్రాక్టు చివరి లెక్క న్యూయార్క్ ధరనే రూపాయల్లోకి మార్చి కడతారు. తెల్లారి చూసుకుంటే ఆ లెక్క మైనస్ 2,884 రూపాయలు. ఒక లాటు అంటే వంద పీపాలు. 965 దగ్గర ఒక్క లాటు కొన్నవాడు రాత్రికి రాత్రి మూడు లక్షల ఎనభై అయిదు వేలు బాకీ పడ్డాడు. అమ్ముకుని బయటపడదామన్నా అయిదు తర్వాత తలుపు మూసి ఉంది. దీని మీద బ్రోకర్లు కోర్టుకెక్కారు.

ఇక మన బంకు సంగతి.

ఏప్రిల్ 21, ఉదయం ఆరు గంటలు. దేశంలో పెట్రోలు ధర మారితే మారేది ఆ వేళకే. హైదరాబాద్‌లో పెట్రోలు 73 రూపాయల 97 పైసలు. డీజిల్ 67 రూపాయల 82 పైసలు. నిన్న ఎంతో ఇవాళా అంతే. మొన్నా అంతే. మార్చి మూడో వారం నుంచీ అంతే.

ఆ వారం సిటీ శివార్లలో ఏ బంకు దగ్గర నిలబడినా ఇలాంటి మాటలే వినిపించి ఉంటాయి. ఇక్కడ రాస్తున్నది ఏ ఒక్కరి మాటలో కావు. పాల క్యాన్లు కట్టుకుని టీవీఎస్ ఎక్సెల్ మీద వచ్చిన మనిషి ఒకడు, నాజిల్ పట్టుకున్న కుర్రాడు ఒకడు అనుకోండి.

“ఏం తమ్మీ, నూనె మైనస్‌ల పోయిందంట గదా. ఇగ మీరే ఎదురు పైసలిస్తరా మాకు?”

“జీరో చూస్కో అన్నా. ఎంత కొట్టాలె?”

“వంద కొట్టు. ఎంత తగ్గింది?”

“తగ్గలే.”

“పెరిగిందా?”

“పెరగలే గూడ. నెల దాటింది, గట్లనే ఉంది.”

“గట్లెట్ల ఉంటదిరా?”

“గది మా సేటుకే తెల్వదన్నా. నన్నడిగితే ఏం చెప్త?”

పాలాయన ప్రశ్నకు ఢిల్లీ దగ్గర సిద్ధంగా ఒక జవాబుంది. అది అబద్ధమేం కాదు. మైనస్‌లోకి పోయింది అమెరికా నూనె, అదీ కుషింగ్‌లో ఇచ్చే నూనె, అదీ ఒక్క మే నెల కాంట్రాక్టు. మనం కొనేది ఎక్కువగా గల్ఫ్ నూనె. ఒమన్, దుబాయ్ రకాలను ముప్పాతిక వంతు, బ్రెంట్‌ను పాతిక వంతు కలిపి ‘ఇండియన్ బాస్కెట్’ అని మన పెట్రోలియం శాఖ ఓ సగటు కడుతుంది. అది సున్నాకు పోలేదు. ఎదురు డబ్బు ఎవరూ ఇవ్వలేదు.

సరే. మరి ఆ బాస్కెట్ ఎంత పడింది? ఫిబ్రవరి సగటు పీపా 54.63 డాలర్లు. మార్చిలో 33.36. ఏప్రిల్‌లో 19.90. పీపా అంటే 159 లీటర్లు. అప్పటి రూపాయి మారకంతో గుణించి చూస్తే ఫిబ్రవరిలో లీటరు ముడిచమురు పాతిక రూపాయలకు కొంచెం తక్కువ. ఏప్రిల్‌లో తొమ్మిదిన్నర. లీటరు మీద పదిహేను రూపాయలు దిగింది. మైనస్ సంగతి మరిచిపోదాం. ఈ పదిహేను రూపాయలు మాత్రం నిజం డబ్బు. మార్చి మధ్య దాకా బంకు ధర పైసా పైసా దిగుతూ వచ్చింది కూడా. తర్వాత ఎవరో గొలుసు లాగినట్టు ఆగిపోయింది. ఏప్రిల్ అంతా పడిన ధర సముద్రం దాటింది గానీ బంకు చేరలేదు. మధ్యలో ఎక్కడ దిగిపోయింది?

పెట్రోలు ధర మీద మన జనానికి ఉన్న భ్రమ ఒకటే, ముడిచమురుకూ బంకు మీటరుకూ మధ్య నేరుగా ఒక తీగ ఉందని. అంత నేరు దారి ఏం లేదు. కంపెనీలు లెక్క కట్టేది ముడిచమురుతో కాదు, శుద్ధి చేసిన పెట్రోలు గల్ఫ్ రేవుల్లో పలికే ధరతో. దాన్నే ఇక్కడికి దిగుమతి చేసుకుంటే ఎంత పడేదో ఎనభై పాళ్లు, ఇక్కడి నుంచి ఎగుమతి చేస్తే ఎంత వచ్చేదో ఇరవై పాళ్లు కలుపుతారు. విశాఖ రిఫైనరీలో తయారై, పైపులైనులో విజయవాడ మీదుగా సికింద్రాబాద్ చేరే పెట్రోలుకి కూడా ఓడెక్కి వచ్చిన పెట్రోలు లెక్కే. గత పదిహేను రోజుల సగటు తీసుకుంటారు. దానికి డాలరు మారకం. కనుక నిన్న రాత్రి దుబాయ్‌లో పడింది ఇవాళ సూర్యాపేటలో దిగాలనుకోవడం అత్యాశే. రెండు వారాలు ఆగాలి. ఆగినా దిగలేదన్నదే ఇక్కడి గొడవ.

రోజువారీ ధర అనే పద్ధతి పుట్టిన ఊళ్లలో మన విశాఖపట్నం ఒకటి. 2010 జూన్‌లో పెట్రోలు మీద, 2014 అక్టోబరులో డీజిల్ మీద ప్రభుత్వ అదుపు పోయాక కంపెనీలు పక్షానికోసారి, ఒకటో తేదీన, పదహారో తేదీన ధర మార్చేవి. 2017 మే 1న విశాఖ, పుదుచ్చేరి, ఉదయ్‌పూర్, జంషెడ్‌పూర్, చండీగఢ్‌లలో రోజుకో ధర ప్రయోగం మొదలుపెట్టి, జూన్ 16 నుంచి దేశమంతా తెచ్చారు. మొదట అర్ధరాత్రి మారుద్దామనుకున్నారు. నిద్ర మానుకుని మీటర్లు తిప్పలేమని డీలర్లు పోట్లాడాక ఉదయం ఆరుకు జరిపారు. ఆ మార్పుకి అప్పుడు చెప్పిన కారణం వినసొంపుగా ఉండేది. పైన తగ్గితే మర్నాడే మీకూ తగ్గుతుంది, పైన పెరిగితే పైసల్లోనే పెరుగుతుంది, నొప్పి తెలియదు.

నొప్పి తెలియదన్న మాట మాత్రం నిజమే అయింది.

డీలర్ల సంగతి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే బోర్డు మీద అంకె చూసి జనం తిట్టేది వాళ్లనే. ఢిల్లీ లెక్కల ప్రకారం అప్పట్లో పెట్రోలు లీటరు మీద డీలరు కమిషన్ మూడున్నర రూపాయలు. ధర డెబ్బయి అయినా నూట పదయినా దాదాపు అంతే. పైగా ధర ఒక్కసారిగా తగ్గినప్పుడు బంకువాడి గుండె గుభేలుమంటుంది. నిన్న పాత ధరకు డబ్బు కట్టి దింపుకున్న ట్యాంకరు ఇవాళ కొత్త ధరకు అమ్మాలి. లీటరుకు పది తగ్గిన రోజున ఇరవై వేల లీటర్ల డీజిల్ నిల్వ ఉన్నవాడికి రెండు లక్షలు ఆవిరి. నాణేనికి రెండో వైపూ ఉంది, పెరిగిన రోజున అదే నిల్వ మీద లాభం. అయితే పెరగడం పైసల్లో, తగ్గడం రూపాయల్లో జరిగే దేశంలో ఆ రెండూ సరితూగవు.

ఇప్పుడు ఢిల్లీ వెళ్దాం.

మార్చి 14న, ముడిచమురు కుప్పకూలిన వారంలోనే, కేంద్రం ఎక్సైజ్ సుంకం మూడు రూపాయలు పెంచింది. పత్రికల్లో వచ్చింది, రెండ్రోజులు అరుపులు అరిచారు, అయిపోయింది. అసలు అంకం మార్చి 23న. ముందురోజే జనతా కర్ఫ్యూ, సాయంత్రం పళ్లేల చప్పుడు. ఆ సోమవారం పార్లమెంటు సమావేశాలు అర్ధంతరంగా ముగిసిపోతున్నాయి. సభ్యులకు ఊళ్లకు చేరే ఆత్రం. ఫైనాన్స్ బిల్లు లోక్‌సభలో చర్చ లేకుండానే పాసయింది. అందులో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ తెచ్చిన ఒక సవరణ ఉంది. పెట్రోలు మీద ప్రత్యేక అదనపు ఎక్సైజ్ సుంకం గరిష్ఠ పరిమితి పది రూపాయల నుంచి పద్దెనిమిదికి, డీజిల్ మీద నాలుగు నుంచి పన్నెండుకు. ఆ రోజు పెంచిన సుంకం సున్నా. పెంచుకునే వీలు మాత్రం చట్టంలో భద్రంగా పెట్టి తాళం వేశారు. కరోనా తప్ప వేరే మాట ఎవరికి పట్టింది?

మే 5 రాత్రి తాళం తీశారు. పెట్రోలు మీద పది రూపాయలు, డీజిల్ మీద పదమూడు. ఒక్క దెబ్బకు. పెట్రోలు మీద కేంద్ర సుంకం 32 రూపాయల 98 పైసలకు, డీజిల్ మీద 31 రూపాయల 83 పైసలకు చేరింది. 2014లో ఇవే సుంకాలు తొమ్మిదిన్నర, మూడున్నర రూపాయలు.

మర్నాడు ఆరు గంటలకు హైదరాబాద్ బంకులో పెట్రోలు ఎంత? 73 రూపాయల 97 పైసలు.

కిటుకంతా ఇక్కడే. ఏప్రిల్‌లో ధర తగ్గించి మేలో పది రూపాయలు పెంచి ఉంటే దేశం గగ్గోలెత్తేది. తగ్గించకుండా పట్టి ఉంచి, ఆ తగ్గిన జాగాలో సుంకాన్ని కూర్చోబెట్టారు. మార్చి మూడు, మే పది కలిపితే పదమూడు. డీజిల్‌కు పదహారు. ముడిచమురు దిగింది పదిహేను. పాలాయనకు దారిలో తప్పిపోయిన డబ్బు చిరునామా దొరికినట్టే. ఢిల్లీలో మే 6 నాటి లెక్క పెట్రోలియం శాఖవాళ్లే ప్రకటించారు. కంపెనీ డీలరుకు ఇచ్చే ధర, రవాణాతో సహా, 18 రూపాయల 28 పైసలు. కేంద్ర సుంకం 32.98. డీలరు కమిషన్ 3.56. ఢిల్లీ సర్కారు వ్యాట్ 16.44. వెరసి 71 రూపాయల 26 పైసలు. పద్దెనిమిది రూపాయల సరుకుకు నలభై తొమ్మిది రూపాయల పన్ను. ఆ వారమే ఢిల్లీ రాష్ట్ర ప్రభుత్వం కూడా తన వ్యాట్‌ను పెట్రోలు మీద 27 శాతం నుంచి, డీజిల్ మీద 16.75 శాతం నుంచి, రెంటికీ 30 చేసింది. తగ్గిన ధర మీద ఒక్కరి చెయ్యే పడిందనుకుంటే పొరపాటు.

ప్రభుత్వం పక్షాన చెప్పవలసిందీ ఉంది. ఆ ఏప్రిల్‌లో దేశం మొత్తం జీఎస్టీ వసూలు 32 వేల కోట్ల పైచిలుకు. ముందు ఏడాది అదే నెలలో లక్షా 13 వేల కోట్లు. రేషను ఇవ్వాలి, ఆస్పత్రులు నడపాలి, జీతాలు కట్టాలి. ఖజానాకు డబ్బు కావాల్సిన మాట ఎవరూ కాదనలేరు. ఆ ఏడాది పెట్రోలు, డీజిల్ అమ్మకాలు పడిపోయినా వాటిపై కేంద్ర ఎక్సైజ్ రాబడి 2.23 లక్షల కోట్ల నుంచి 3.72 లక్షల కోట్లకు ఎక్కింది. నాకు అభ్యంతరం వసూలు మీద కంటే మౌనం మీద. కరోనా కోసం లీటరుకు ఇంత తీసుకుంటున్నాం అని బంకు బోర్డు మీద రాసి ఉంటే జనం తిట్టుకుంటూనైనా ఇచ్చేవారు. ‘రిటైల్ ధరలో మార్పు లేదు’ అన్న ముక్తసరి మాటతో సరిపెట్టారు.

ఆ సుంకంలో రాష్ట్రాలకు దక్కిందీ స్వల్పమే. 32.98లో రాష్ట్రాలతో పంచుకోవలసిన మూల సుంకం 2.98 మాత్రమే. మిగతాది సెస్సు, ప్రత్యేక సుంకం. అది పూర్తిగా కేంద్రానిదే. పంచుకునే వాటా 41 శాతం. అంటే అన్ని రాష్ట్రాలకూ కలిపి లీటరుకు రూపాయి పావలా కూడా కాదు.

ఆ చవక రోజుల్లో ఒక మంచి పనీ జరిగింది. అది జరిగింది మన గడ్డ మీదే. విశాఖలో కొండ కింద రాతిని తొలిచి కట్టిన ముడిచమురు గుహలున్నాయి. యుద్ధమో విపత్తో వస్తే వాడుకోవడానికి 13.3 లక్షల టన్నులు దాచే చోటు. మంగళూరు, పాదూరు గుహలతో కలిపి 53.3 లక్షల టన్నులు. ఏప్రిల్, మే నెలల్లో పీపా సగటున 19 డాలర్లకు కొని వాటిని నింపారు. దాదాపు అయిదు వేల కోట్లు ఆదా అయిందని ఆ తర్వాత పార్లమెంటుకు చెప్పారు. కుషింగ్‌లో చోటు లేక ఎదురు డబ్బిచ్చిన కాలంలో విశాఖ కొండ కింద చోటుండడం అదృష్టమే.

జూన్ వచ్చింది. జూన్ 5న ఏరువాక పున్నమి. తొలకరికి ఎదురుచూస్తూ రైతు ట్రాక్టరు బయటికి తీసే రోజులు. సరిగ్గా రెండు రోజులకు, జూన్ 7 ఆదివారం ఉదయం ఆరు గంటలకు, 82 రోజులుగా గడ్డకట్టిన ధర కరిగింది. పెట్రోలు, డీజిల్ రెండూ ఢిల్లీలో 60 పైసలు పైకి. సోమవారం మళ్లీ. మంగళవారం మళ్లీ. లాక్‌డౌన్ సడలి లారీలు రోడ్డెక్కాయి, ముడిచమురు కోలుకుని జూన్ సగటు 40 డాలర్లు దాటింది. ఇప్పుడు మాత్రం రోజువారీ ధర అనే పద్ధతి కంపెనీలకు చక్కగా జ్ఞాపకం వచ్చింది. దిగేటప్పుడు నెలల తరబడి సెలవు పెట్టిన లెక్క ఎక్కేటప్పుడు ఆదివారం కూడా డ్యూటీకి వచ్చింది. డీజిల్ వరసగా 21 రోజులు, విరామం లేకుండా పెరిగింది. జూన్ 24న ఢిల్లీలో ఎన్నడూ లేని వింత జరిగింది. పెట్రోలు 79.76, డీజిల్ 79.88. కారు నూనెను లారీ నూనె దాటేసింది.

“పెట్రోలు పోయించుకునేటోడు పెద్దోడు, డీజిల్ పోయించుకునేటోడు రైతు అనేది మా నాయిన,” అని ఆ వారం ఏ ట్రాక్టరు డ్రైవరైనా అని ఉంటాడు. “ఇప్పుడు ఎవరు పెద్దోడు సేటూ?”

సేటు ఏం చెబుతాడు? హైదరాబాద్‌లో నెలాఖరుకు పెట్రోలు 83.49. డీజిల్ 78 దాటింది. ఈ లెక్క పక్కన ఒక్క విషయం పెట్టి చూడండి. ఫిబ్రవరిలో ముడిచమురు 54 డాలర్లున్నప్పటి కంటే జూన్‌లో 40 ఉన్నప్పుడు మన బంకులో పెట్రోలు ఖరీదైంది. దిగేటప్పుడు తప్పిపోయినదాన్ని ఎక్కేటప్పుడు రెండోసారి కట్టించుకున్నారు.

ఇందులో హైదరాబాద్, విజయవాడ సర్కార్ల చేతులు శుభ్రమని చెప్పడానికి లేదు. రాష్ట్ర వ్యాట్ శాతాల్లో ఉంటుంది, అదీ కేంద్ర సుంకంతో కలిపిన ధర మీద. పన్ను మీద పన్ను. 2015 ఫిబ్రవరిలో, ముడిచమురు పడి ఉన్న రోజుల్లోనే, తెలంగాణ పెట్రోలు వ్యాట్‌ను 31 నుంచి 35.20 శాతానికి, డీజిల్ వ్యాట్‌ను 22.25 నుంచి 27కు పెంచింది. ఆంధ్రప్రదేశ్ అదే నెలలో శాతాన్ని ముట్టుకోకుండా లీటరుకు నాలుగు రూపాయలు అదనంగా వేసింది. 2018 సెప్టెంబరులో రెండు రూపాయలు తగ్గించింది, తర్వాతి ప్రభుత్వం 2020లో ఆ నాలుగూ మళ్లీ తెచ్చింది, చాలక రోడ్ల కోసమని రూపాయి సెస్సు కలిపింది. కేంద్రం పది పెంచితే 35 శాతం వ్యాట్ ఉన్న రాష్ట్రానికి, వేలు కదపకుండానే, దాని మీద మూడున్నర వచ్చి పడుతుంది. అందుకే ఢిల్లీని తిట్టే ముఖ్యమంత్రులు కూడా పెట్రోలును జీఎస్టీలో చేర్చుదామంటే నోరు విప్పరు.

ఒకే రిఫైనరీ సరుకు ఊరు మారితే ధర ఎందుకు మారుతుందో చూడాలంటే కోనసీమ దాటి యానాం వెళ్లాలి. గౌతమి ఒడ్డున, చుట్టూ ఆంధ్రా, మధ్యలో పుదుచ్చేరి. భాష అదే, నూనె అదే. వ్యాట్ వేసే అసెంబ్లీ వేరు. ఆంధ్రాలో ముప్పై ఒక్క శాతం, పైన ఆ నాలుగు రూపాయలు, రూపాయి సెస్సు. యానాంలో అందులో దాదాపు సగం. కాకినాడ వైపు నుంచీ అమలాపురం వైపు నుంచీ యానాం మీదుగా పోయే బండి ట్యాంకు నింపుకోకుండా కదలదు. అనంతపురం, చిత్తూరు సరిహద్దుల్లో కర్ణాటక బంకులదీ అదే వైభవం. ఇవతలి గట్టున బంకు పెట్టుకున్నవాడి బాధ చెప్పతరం కాదు.

ఎన్నికల మాట కూడా చెప్పి తీరాలి. 2018 మే 12న కర్ణాటక పోలింగ్. దానికి ముందు 19 రోజులు, అంతర్జాతీయ ధర ఎక్కుతున్నా, దేశంలో పెట్రోలు పైసా కదల్లేదు. పోలింగ్ ముగిసిన రెండో రోజు, మే 14న, మొదలైంది. 2021 దీపావళి ముందురోజు కేంద్రం పెట్రోలు సుంకం అయిదు, డీజిల్ సుంకం పది తగ్గించింది. ఆ తర్వాత 137 రోజులు ధర మళ్లీ నిద్రపోయింది. ఆ నిద్రలోనే రష్యా ఉక్రెయిన్ మీద పడింది, బ్రెంట్ 139 డాలర్లు చూసింది, యూపీతో కలిపి అయిదు రాష్ట్రాల ఎన్నికలు జరిగాయి. మార్చి 10న ఫలితాలు. మార్చి 22న 80 పైసలు. పదహారు రోజుల్లో పద్నాలుగు సార్లు, మొత్తం పది రూపాయలు. ఏప్రిల్ 6న హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు 119 రూపాయల 49 పైసలు. ధర కంపెనీలే నిర్ణయించుకుంటాయి, మాకు సంబంధం లేదని ప్రభుత్వం అప్పుడూ అంది. ఏప్రిల్ 27న ప్రధాని స్వయంగా వ్యాట్ తగ్గించని రాష్ట్రాల పేర్లు చదివారు, అందులో మన రెండూ ఉన్నాయి. పెంచనిదాన్ని తగ్గించేదేముందని తెలంగాణ ఎదురు తిరిగింది. మే 21న కేంద్రం పెట్రోలు మీద మరో ఎనిమిది, డీజిల్ మీద ఆరు తగ్గించాక హైదరాబాద్‌లో 109.66.

అక్కడి నుంచి దాదాపు రెండేళ్లు మీటరు కదల్లేదు. దాని వల్ల మొదట కంపెనీలే మునిగాయి, అది ఒప్పుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా మూడు ప్రభుత్వ కంపెనీలకు కలిపి 21 వేల కోట్ల నష్టం. ఆ తర్వాత ముడిచమురు దిగింది, బంకు ధర దిగలేదు. 2023-24లో అవే మూడు కంపెనీల లాభం 81 వేల కోట్లు. 2024 మార్చి 15న రెండు రూపాయలు తగ్గించారు, హైదరాబాద్‌లో 107.41. లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు వచ్చింది మార్చి 16న.

2025 ఏప్రిల్ మొదటి వారంలో అమెరికా సుంకాల గొడవకు ప్రపంచ మార్కెట్లు కూలి, బ్రెంట్ నాలుగేళ్లలో లేనంత కిందికి వచ్చింది. ఏప్రిల్ 8 నుంచి కేంద్రం పెట్రోలు, డీజిల్ మీద లీటరుకు రెండు రూపాయల ఎక్సైజ్ పెంచింది. రిటైల్ ధర పెరగదని పెట్రోలియం శాఖ ప్రకటించింది. అది నిజమే, పెరగలేదు. తగ్గవలసిన రెండు రూపాయల సంగతి ఎవరూ అడగలేదు. అదే రోజున వంటగ్యాస్ సిలిండర్ మీద యాభై రూపాయలు వేశారు, ఇళ్లలో మాట్లాడుకున్నదంతా దాని గురించే.